వానాకాలం కలుపుకు ముందు: చెలకలో ఏది పీకాలి, ఏది ఉంచాలి

వానాకాలంలో కలుపు తీయడానికి దిగేముందే చెలకలో, అంటే ఎర్రనేల మెట్టచేనులో, ఏ మొక్కను పీకాలో, దేనిని ఉంచాలో ఇంట్లోవారూ కూలీలూ కలిసి మాట్లాడుకోవడం మంచిది. జహీరాబాదు ప్రాంతంలోని ఎర్రనేలల్లో జొన్న, కంది, కొర్ర సాళ్ల మధ్య గునుగు, తుమ్మి, చెంచలి, గంగవాయిలి, గలిజేరు, పొన్నగంటి వంటివి వాటంతట అవే మొలుస్తాయి. వీటిలో చాలావాటిని లేతగా ఉన్నప్పుడు కోసి కూర వండుకుంటారు.

ఇవి అడవి మొక్కలు కావు, దున్నిన నేలను నమ్ముకున్న మొక్కలు. నాగలి తిరగేసిన మట్టిలో తడి, వెలుతురు తగిలిన గింజ మొలకెత్తి, తక్కువ కాలంలోనే పూసి, తిరిగి అదే నేలలో గింజ రాలుస్తుంది. సాగు మాని భూమిని బీడు పెడితే కొన్నేళ్లలో గడ్డీ పొదలూ వీటిని కమ్మేస్తాయి. కలుపు మందులతో ఏటా నేలను శుభ్రం చేసి ఒకే పంట వేస్తే, మట్టిలో ఉన్న గింజల నిల్వ క్రమంగా తరిగిపోతుంది. ఈ రెండింటికీ మధ్యనున్న, తక్కువ పెట్టుబడితో పలు పంటలు కలిపి వేసే మెట్ట సేద్యమే వీటికి ఆశ్రయం. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు వీటిని కలుపుగా కాక సాగుచేయని ఆహారంగా చూడడం సరైన దృష్టేనని నా అభిప్రాయం.

అలాగని పంటను కలుపుకు వదిలేయమని కాదు. విత్తిన తొలి 30 నుంచి 45 రోజులు పైరుకు కీలకం కాబట్టి, ఆ వ్యవధిలో సాళ్లలో ఉన్న మొక్కలను, కూరకు పనికివచ్చేవైనా సరే, లేతగానే తీసి వండుకోవాలి. గునుగు విషయంలో మొహమాటం అసలు పనికిరాదు. పైరు మధ్య వదిలితే అది ఏపుగా పెరిగి పోటీకి వస్తుంది. గట్ల మీద, చెలక మూలల్లో మాత్రం కొన్ని మొక్కలను ఎండే దాకా ఉంచాలి. గులాబీ కొసతో మొదలై కిందినుంచి వెండిరంగుకు తిరిగే ఆ కంకి బతుకమ్మకు అందుతుంది, అందులోని నల్లని మెరిసే గింజలు మరుసటి ఏటికి నేలలో చేరతాయి. తేనెటీగలు వాలే తుమ్మిని కూడా అలాగే ఉంచవచ్చు.

కొన్నింటిని మాత్రం గట్టు మీద కూడా ఉంచకూడదు. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. దానివల్ల చర్మంపై దద్దుర్లు, ఉబ్బసం రావచ్చు. జొన్న వేళ్లను పట్టుకుని పీల్చే జొన్నమల్లె గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి కనుక, దానినీ పూత దశలోపే తీసి కాల్చాలి.

కూర ఏరేవారు ముఖ్యంగా గమనించవలసింది ఉమ్మెత్త. దాని లేత మొక్కలు కూరాకుల గుంపులో కలిసిపోతే నోరు ఎండడం, కంటిపాపలు విప్పారడం, మతి తప్పి మాట్లాడడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. అటువంటప్పుడు ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పేరు కచ్చితంగా తెలియని ఆకును ఒడిలో వేసుకోకూడదు, పిల్లలు ఏరితెచ్చిన కూరను వండేముందు పెద్దవారు ఒక్కొక్క రెమ్మగా విడదీసి చూడాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మందు కొట్టిన చేను. పత్తి చేలలోనూ, వాటి పక్క గట్ల మీదా కూర కోయకూడదు, ఎందుకంటే గాలికి కొట్టుకువచ్చిన మందు ఆకుపై కంటికి కనిపించదు, కడిగినంత మాత్రాన పూర్తిగా పోదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పొరుగు రైతు పిచికారీ చేసే రోజును ముందుగా అడిగి తెలుసుకుని, ఆ వైపు గట్టు కూరను ఆ సీజనుకు వదులుకోవడమే క్షేమం.

గంగవాయిలి, గలిజేరు వంటి కూరల్లో మూత్రపిండాల్లో రాళ్లకు తోడ్పడే ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ. ఇప్పటికే రాళ్లు ఉన్నవారు వైద్యుని అడగకుండా వీటిని తరచుగా తినరాదు. మిగిలినవారు కూడా ఉడికించిన నీటిని వంచేసి వండుకుంటే అవి కొంత తగ్గుతాయి.