ఇంటి సీఎన్‌సీ మిల్లుకు లిమిట్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ స్టాప్: వైరు తెగినా ఆగేలా

సీఎన్‌సీ మిల్లుకు, అంటే కంప్యూటర్ నడిపే లోహం చెక్కే యంత్రానికి, లిమిట్ స్విచ్‌లు (టేబుల్ చివరకు చేరితే పసిగట్టేవి) పెట్టేస్తే సేఫ్టీ అయిపోయిందనుకుంటారు చాలామంది. అవి కాపాడేది బాల్ స్క్రూను (టేబుల్‌ను జరిపే మర), టేబుల్‌ను. మన చేతిని కాపాడేది ఎమర్జెన్సీ స్టాప్. లిమిట్ స్విచ్ కంట్రోలర్‌కు (మోటార్లను నడిపించే బోర్డు) కబురు పంపుతుంది, ఆపడం కంట్రోలర్ చేతిలో ఉంటుంది. ఎమర్జెన్సీ స్టాప్ ఎవరినీ అడగకుండా తానే కరెంటు తీసేయాలి. అందుకే ఈ బటన్‌ను బోర్డు పిన్నుకు మాత్రమే కట్టి వదిలేయకూడదు. బోర్డు హ్యాంగ్ అయితే అది ఉన్నా లేనట్టే.

ఈ వివరాలు చేతిచక్రాల బెంచి మిల్లుకు స్టెప్పర్ మోటార్లు బిగించి, ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డులో జీఆర్‌బీఎల్ 1.1 ప్రోగ్రాము వేసి నడిపేవారికి. కంట్రోలర్ వేరేదైతే సెట్టింగుల పేర్లు మారతాయి, వైరింగ్ ఆలోచన ఇదే.

ముందు కరెంటు సంగతి

మోటారు స్టార్టర్ల సామాను అమ్మే షాపులో మూడు వస్తువులు తీసుకోండి. మొదటిది నొక్కితే లాకై, తిప్పితేనే పైకి వచ్చే ఎర్ర పుట్టగొడుగు బటన్. దానికి ఒక ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయేది), ఒక ఎన్‌ఓ (విడిగా ఉండి, నొక్కితే కలిసేది) కాంటాక్టు బ్లాకు ఉండాలి. ఎన్‌సీ బ్లాకు మీద వృత్తంలో బాణం గుర్తు ఉందేమో చూడండి. కాంటాక్టు అతుక్కుపోయినా బటన్ నొక్కుడే దాన్ని విడదీస్తుందని ఆ గుర్తుకు అర్థం. రెండోది 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపే కలిసి ఉండే పెద్ద స్విచ్), ఒక ఎన్‌ఓ ఆగ్జిలరీతో, అంటే దానితోపాటే కదిలే చిన్న కాంటాక్టుతో. మూడోది పచ్చ స్టార్ట్ బటన్.

ఫేజు నుంచి చిన్న ఫ్యూజు, ఎర్ర బటన్ ఎన్‌సీ, పచ్చ బటన్, కాయిల్, న్యూట్రల్: ఇదీ వరస. పచ్చ బటన్‌కు పేరలల్‌గా కాంటాక్టర్ సొంత ఆగ్జిలరీ. పొలం మోటారు స్టార్టరులో ఉండేదీ దాదాపు ఇదే సర్క్యూట్. తేడా ఒక్కటే. పొలంలో కరెంటు రాగానే మోటారు దానంతటదే ఎక్కాలని ఆటో స్టార్టరు పెట్టుకుంటారు, మిల్లుకు అది పనికిరాదు. తుపాను రోజుల్లో గంటకోసారి కరెంటు పోయి వస్తున్నప్పుడు, టూలు మారుస్తున్న చేతి దగ్గర స్పిండిల్ (టూలును తిప్పే ఇరుసు) తిరగడం మొదలుపెట్టకూడదు. ఎవరో పచ్చ బటన్ నొక్కితే తప్ప ఏదీ లేవకూడదు.

స్టెప్పర్ల పవర్ సప్లైకి వెళ్లే 230 వోల్టులను కాంటాక్టర్‌తో తెంపండి. పవర్ సప్లై కెపాసిటర్లలో చార్జి ఉంటుంది కాబట్టి మోటార్లు ఆ క్షణమే చావవు. వెంటనే ఆగాలంటే డ్రైవర్ల (స్టెప్పర్లకు కరెంటు అందించే బోర్డులు) ఎనేబుల్ లైనును కూడా అదే బటన్‌కు మరో విడి బ్లాకు వేసి కట్టాలి. డ్రైవరుకూ మోటారుకూ మధ్య వైరును మాత్రం నడుస్తుండగా ఎప్పుడూ తెంపకండి, డ్రైవర్ కాలిపోతుంది. స్పిండిల్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పెట్టె) ఉంటే దాని రన్ టెర్మినల్‌ను కాంటాక్టర్‌లోని మరో ఆగ్జిలరీ గుండా పంపి, ఇన్‌పుట్‌నూ కాంటాక్టర్ కిందకు తెండి. రోజువారీ ఆన్-ఆఫ్‌కు మాత్రం ఈ కాంటాక్టర్‌ను వాడకండి. కరెంటు తీశాక కూడా వీఎఫ్‌డీ లోపల చార్జి ఉంటుంది, పది నిమిషాలు ఆగి మూత తీయండి. ఊనోకూ కంప్యూటర్‌కూ కరెంటు అలాగే ఉండనివ్వండి. బటన్‌లోని ఎన్‌ఓ బ్లాకును ఏ0 పిన్నుకూ గ్రౌండుకూ మధ్య కడితే కంట్రోలర్‌కూ విషయం తెలుస్తుంది. అది కబురు మాత్రమే, రక్షణ కాదు.

జడ్ యాక్సిస్‌కు (పైకీ కిందకీ కదిలేది) బాల్ స్క్రూ వేసి ఉంటే కరెంటు పోగానే హెడ్డు తన బరువుకు కిందకు జారుతుంది. కరెంటు లేనప్పుడు పట్టుకునే 24 వోల్టుల బ్రేకున్న మోటారు గానీ, గ్యాస్ స్ప్రింగు గానీ పెట్టాలి. పాత ట్రెపిజాయిడల్ స్క్రూనే ఉంచినవారికి ఈ బాధ చాలా వరకు ఉండదు.

ఏ స్విచ్ వాడాలి

భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తెరిచి ఉన్న చిన్న మైక్రోస్విచ్‌ల కాంటాక్టులు త్వరగా పాడవుతాయి. మూసి ఉన్న ఐపీ67 (దుమ్ము, నీరు చొరబడని) రోలర్ స్విచ్ గానీ, ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహం దగ్గరకు వస్తే తాకకుండానే పసిగట్టేది) గానీ మంచిది. సెన్సరైతే ఎన్‌పీఎన్ (సిగ్నల్ వైరును మైనస్‌కు కలిపేది) ఎన్‌సీ రకమే అడగండి. ఎల్‌జే12ఏ3 వరసలో చివర ఏఎక్స్ ఉన్నది ఎన్‌సీ, బీఎక్స్ ఉన్నది ఎన్‌ఓ. షాపులో ఎక్కువగా చేతికిచ్చేది బీఎక్సే. గోధుమ రంగు వైరు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. 4 మి.మీ. అని రాసి ఉన్నది ఇనుముకు మాత్రమే. ఇత్తడికి, అల్యూమినియంకు సగం కూడా రాదు. కాబట్టి సెన్సర్ ఎదురుగా వచ్చే ముక్క మైల్డ్ స్టీలుదే కావాలి, సందు 2 మి.మీ. ఉంచండి. బుడితి పనివారిలా ఇత్తడి మీద పని చేసేవారు ఇత్తడి రజను సెన్సర్ ముఖం మీద పేరుకోకుండా పైన రేకు కప్పు వేసుకోవాలి.

యాక్సిస్‌కు రెండు సెన్సర్లు అక్కర్లేదు. సెన్సర్ ఒకటి, రెండు చివర్ల రెండు ఇనుప ముక్కలు చాలు. జీఆర్‌బీఎల్‌కు ఎలాగూ యాక్సిస్‌కు ఒకే పిన్ను. ఏ చివర తగిలిందో దానికి తెలియదు కాబట్టి, హోమింగ్ (సెన్సర్ తగిలేదాకా జరిపి సున్నా స్థానం పట్టుకోవడం) ముందు టేబుల్‌ను మధ్యకు తెచ్చుకోండి. ముక్కలను టేబుల్ గట్టిగా తగిలే చోటుకు 6 మి.మీ. ముందే బిగించండి. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు అవుతుంది, ఆ లెక్కన పెంచుకోండి. స్విచ్‌నే స్టాపర్‌గా వాడకండి, రోలర్ పక్కనుంచి ఎక్కాలే గాని ఎదురుగా గుద్దకూడదు.

వైరింగ్, సెట్టింగులు

పిన్నును నేరుగా స్విచ్‌కు కడితే ఊనో లోపలి పులప్ (పిన్నును 5 వోల్టుల వైపు లాగే రెసిస్టర్) బలహీనం కాబట్టి స్పిండిల్ ఎక్కగానే తప్పుడు అలారాలు వస్తాయి. 24 వోల్టులు, పీసీ817 ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురు ద్వారా దాటించే చిప్పు) వాడండి. ప్లస్ 24 నుంచి 2.2 కిలోఓమ్, అర వాట్ రెసిస్టర్, ఆప్టో ఎల్‌ఈడీ, తర్వాత సెన్సర్ నల్ల వైరు. ఇందులో దాదాపు 10 మిల్లీఆంపియర్లు పారుతుంది. అవతల కలెక్టర్ పిన్నుకు, ఎమిటర్ గ్రౌండుకు, పిన్ను నుంచి 5 వోల్టులకు 4.7 కిలోఓమ్, గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్. మామూలుగా ఎల్‌ఈడీ వెలుగుతూ ఉంటుంది. సెన్సర్ తగిలినా, వైరు తెగినా, 24 వోల్టులు పోయినా ఆరిపోయి అలారం వస్తుంది.

ఎక్స్ డీ9కి, వై డీ10కి, జడ్ డీ12కి. ఊనో పైన కూర్చునే పాత షీల్డు బోర్డుల మీద జడ్ లిమిట్ అని అచ్చు వేసింది డీ11 దగ్గర. 1.1లో అది స్పిండిల్ పిన్ను. అక్కడ కట్టి జడ్ హోమ్ కావడం లేదని వెతుక్కునేవారు ఎక్కువ.

షీల్డు వైరు (లోపల లోహపు అల్లిక తొడుగు ఉన్నది) వాడి, ఆ తొడుగును కంట్రోల్ పెట్టె వైపు మాత్రమే ఎర్త్ చేయండి. స్పిండిల్ కేబులుతో కలిపి ఒకే కేబుల్ చైనులో లాగకండి.

ఇక జీఆర్‌బీఎల్ సెట్టింగులు: $5=1 (ఎన్‌సీ స్విచ్‌లని చెప్పడానికి), $21=1 (లిమిట్ తగిలితే ఆగడానికి), $22=1 (హోమింగ్‌కు), $27=3 (హోమ్ అయ్యాక 3 మి.మీ. వెనక్కి జరగడానికి). స్విచ్ కాంటాక్టు కొట్టుకోవడం వల్ల వచ్చే తప్పుడు సిగ్నళ్లు ఆపాలని $26 (స్విచ్ సిగ్నల్ నిలకడపడేదాకా ఆగే సమయం) పెంచేస్తారు. అది హోమింగ్‌కు మాత్రమే పనిచేస్తుంది, నడుస్తుండగా వచ్చే తప్పుడు అలారాలకు దానితో సంబంధం లేదు. ఎక్స్ మొత్తం 300 మి.మీ. కదిలితే రెండు ముక్కల మధ్య 288 మిగులుతుంది. $130=285 (ఎక్స్ కదలగల దూరం) పెట్టి $20=1 (ఆ దూరం దాటే కదలికలను ముందే ఆపేది) చేయండి. ప్లస్ వైపు హోమ్ చేశాక స్థానం మైనస్ 3 అని చూపిస్తుంది. సున్నా అంటే సరిగ్గా సెన్సర్ తగిలే చోటు, కాబట్టి ప్రోగ్రాములో మైనస్ 1 దాటి పైకి వెళ్లకండి.

నడిపే ముందు స్టెప్పర్లకు కరెంటు ఇవ్వకుండా ఒక్కో సెన్సర్ ముందు స్క్రూడ్రైవర్ పెట్టి ప్రశ్నార్థకం కొట్టండి, జవాబులో ఆ యాక్సిస్ అక్షరం రావాలి. తర్వాత ఒక్కో కనెక్టరు పీకి చూడండి, అప్పుడూ రావాలి. ఆ తర్వాత మోటార్లకు కరెంటు ఇచ్చి నెమ్మదిగా జరుపుతూ సెన్సర్‌కు తగిలించండి.

అలారం 1 (నడుస్తుండగా లిమిట్ తగిలిందని అర్థం) వస్తే స్టెప్పులు పోయి ఉంటాయి. రీసెట్ చేసి, $ఎక్స్ కొట్టి (అలారం లాకు తీయడానికి), మోటార్లకు కరెంటు తీసి చేతిచక్రంతో వెనక్కి తెచ్చి, మళ్లీ హోమ్ చేయాలి. అలారం ఎప్పుడూ టేబుల్ ఒకే చోటికి వచ్చినప్పుడే వస్తుంటే కేబుల్ చైనులో వైరు లోపల తెగుతోందని లెక్క. స్పిండిల్ ఎక్కినప్పుడే వస్తుంటే షీల్డు, ఎర్త్ చూడండి. వానాకాలం పొద్దుటే వచ్చి ఎండ ఎక్కాక పోతుంటే కనెక్టరులోకి తేమ చేరింది.