వైజాగ్ నుంచి కోణార్క్‌కి కారులో: ఎక్కడ ఆగాలో కాదు, ఏ పక్కన ఆగాలో చూసుకోండి

దసరా సెలవులు వచ్చాయంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ఫోన్‌లో లిస్టు పట్టుకుని వస్తారు. "అన్నయ్యా, నాలుగు రోజుల్లో పదహారు చోట్లు చూసేస్తున్నాం!" తిరిగొచ్చాక అడగండి, వాళ్ళకి గుర్తుండేవి టోల్‌గేట్లూ, పిల్లల వాంతులూ. ఈ రూట్లో లెక్కపెట్టడం మానేసినన్ని సార్లు తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

బండి. టైర్లలో గాలి, స్టెప్నీలో కూడా గాలి, ఫాస్టాగ్‌లో డబ్బులు, నీళ్ళ క్యాన్. మిగతాది మీకు తెలిసిందే.

బయల్దేరడం. ఉదయం ఐదింటికి వైజాగ్‌లో హనుమంతవాక జంక్షన్ దాటాలి. ఐదున్నరకి కాదు. టిఫిన్ శ్రీకాకుళం ఊళ్ళోకి వెళ్ళి తినాలి. హైవే మీద ధాబాలో పొద్దున్నే పరాఠా తిన్నవాళ్ళు మధ్యాహ్నం స్టీరింగ్ ముందు కునికిపాట్లు పడతారు.

ఆగే చోట్లు ఎంచుకోవడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మనది. వైజాగ్ నుంచి పైకి పోతుంటే కుడి చేతి వైపు సముద్రం, ఎడమ చేతి వైపు కొండలు. మనం నడిపేది ఎడమ పక్క. అంటే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, గోపాల్‌పూర్, చిలికా అన్నీ డివైడర్‌కి అవతలే ఉన్నాయి. ఉత్సాహం కొద్దీ పోయేటప్పుడే అవన్నీ చూడాలనుకుంటే ప్రతిదానికీ ఫ్లైఓవర్ కింద నుంచి దూరడమో, డివైడర్ సందులో యూ టర్న్ కొట్టడమో తప్పదు. ఆ సందులో కారు అడ్డంగా నిలబెట్టి, ఎదురుగా వచ్చే లారీ వేగం అంచనా వేస్తూ ఉంటే వెనక సీటులో అమ్మ ఆంజనేయ దండకం అందుకుంటుంది. "రెండు వందల మీటర్లే కదా" అని రాంగ్ రూట్లో దూరేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. కోతల కాలమైతే సర్వీసు రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. చీకట్లో ఆ రాళ్ళు కనబడవు.

కాబట్టి రూలు: పోయేటప్పుడు కొండ పక్క, వచ్చేటప్పుడు సముద్రం పక్క. మ్యాప్ ఏం చెప్పినా సరే. మ్యాప్‌కి దగ్గరి దారి తెలుసు గానీ డివైడర్ దగ్గర మీ గుండెదడ తెలీదు.

రెండో చిక్కు మధ్యాహ్నం. మన గుళ్ళలో చాలావాటికి మధ్యాహ్నం తలుపులు వేస్తారు, మళ్ళీ సాయంత్రమే తీసేది. మొదటిసారి నేనూ ఏడు చోట్లు రాసుకున్నాను. నాలుగోదాని దగ్గరికి పన్నెండుంపావుకి చేరేసరికి తాళం చేతిలో ఊపుకుంటూ ఒకాయన ఎదురొచ్చాడు. చెట్టు కింద పులిహోర తిని, పిల్లలిద్దరూ కొట్టుకుంటుంటే నాలుగింటి దాకా కూర్చున్నాం. తప్పు నాదే. అప్పటి నుంచి రోజుకి రెండే: ఒకటి పదకొండు లోపు, ఒకటి నాలుగు తర్వాత. మూడోది కావాలంటే అది తలుపుల్లేని చోటై ఉండాలి.

ఇంకొకటి. హైవే నుంచి ఇరవై కిలోమీటర్లు లోపలికి అంటే పోనూ రానూ నలభై. ఊళ్ళ మధ్య రోడ్డు, మేకలు, స్పీడు బ్రేకర్లు. చూసే టైముతో కలిపి ఒక్కో చోటుకి మూడు గంటలు రాసుకోండి. "అలా దిగి ఇలా వచ్చేద్దాం" అనేవాళ్ళని ముందు సీటులో కూర్చోబెట్టకండి.

మొదటి రోజు. నరసన్నపేట ప్రాంతంలో హైవే వదిలి ఎడమకి, శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున మూడు గుళ్ళు: ముఖలింగేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. కోణార్క్ సూర్యుడి గుడి కట్టించిన నరసింహదేవుడు కూడా ఆ వంశం వాడే. అందుకే ముందు ఇది చూడాలి. కోణార్క్ చూసి వచ్చాక ఇక్కడ ఆగితే "చిన్న గుడి" అనిపిస్తుంది. ముందే చూస్తే, ఇక్కడి శిల్పుల చెయ్యి అక్కడిదాకా ఎలా ఎదిగిందో తెలుస్తుంది. సాయంత్రం బరంపురం దగ్గర జౌగడ, అశోకుడి శాసనాలు చెక్కిన బండ. కళింగ యుద్ధానికి బాధపడుతూ ఆయన వేయించిన పదమూడో శాసనం వేరే చోట్ల ఉంది గానీ కళింగలో ఉన్న జౌగడలోనూ లేదు, ధౌలిలోనూ లేదు. ఓడినవాళ్ళకి ఆ మాట ఎందుకు వినిపించలేదో, రాత్రి భోజనాల దగ్గర పిల్లల్ని అడగండి.

రెండో రోజు. భువనేశ్వర్ దగ్గర ధౌలి, సాయంత్రం కోణార్క్. 24 చక్రాల్లో ఒక్కదాని ముందు ఫొటో దిగి వచ్చేయకండి. ఒక చక్రం ముందు కూర్చుని దాని ఆకుల (స్పోక్స్) మీద గుండ్రటి పతకాల్లో చెక్కిన బొమ్మలు చూడండి. వేలెడంత మనుషులకి కూడా నగలు ఉంటాయి. లోపలికి ఎందుకు పోనివ్వరని గొడవపడేవాళ్ళకి: ముందు మండపం కూలకుండా 1903లో లోపలంతా ఇసుకతో నింపేశారు.

మూడో రోజు. చిలికాలో పడవ, రాత్రికి గోపాల్‌పూర్. వైజాగ్ వాళ్ళకి ఇంకో బీచ్ ఎందుకు? పడుకోవడానికి.

నాలుగో రోజు. పొద్దున్నే శ్రీకూర్మం. దర్శనం అయ్యాక ఆవరణలో తాబేళ్ళ దగ్గర ఆగండి. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, ఎవరో కూర్చుని చుక్కల ముగ్గు వేసినట్టు. ఆకు అంచు నోట కరిచి, ముందు కాలు అదిమిపెట్టి, మెడ వెనక్కి లాగితే గానీ ముక్క తెగదు. ఒక్క ఆకు తినడానికి అది తీసుకునే టైములో మా పిల్లలు నోరు మెదపలేదు. ఎండకి ఓర్చుకోగలిగితే మధ్యాహ్నం శాలిహుండం కొండ, బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. నాలుగు దాటాక అరసవల్లి. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు ఉదయపు ఎండ స్వామి పాదాల మీద పడుతుంది. ఆ రోజుల్లో వెళ్తే మాత్రం ఈ వరస తిరగేసి, ముందు రాత్రి శ్రీకాకుళంలోనే పడుకోండి. లేకపోతే అరసవల్లి నుంచి సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే, తొమ్మిదిన్నర లోపు వైజాగ్ అంచున మధురవాడలో ఉంటారు.