ట్రస్టు షరతులు మార్చాలి, పని కదలడం లేదు: ఎక్కడ ఆగింది?

ముందు దస్తావేజు తీసి ఒక్క సంగతి చూడండి. లాభం ఎవరికి? ఫలానా పిల్లలు, మనవలు అని వేలు పెట్టి చూపగలిగితే అది ప్రైవేటు ట్రస్టు, దానికి 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టం. ఊరికో, యాత్రికులకో, బీద విద్యార్థులకో అయితే పబ్లిక్ ట్రస్టు. ఆ చట్టం మొదటి సెక్షన్‌లోనే ఇలాంటివి తన పరిధిలోకి రావని చెప్పేసింది. ఇక్కడ పొరబడితే తర్వాత ఎంత మంచి పిటిషన్ రాసినా దండగే.

లక్షణం: సవరణ దస్తావేజు రిజిస్టరైంది, బ్యాంకు మాత్రం ఒప్పుకోవడం లేదు.

సబ్‌రిజిస్ట్రార్ చూసేది స్టాంపు, సంతకాలు, గుర్తింపు. షరతు మార్చే హక్కు మీకుందో లేదో ఆయన తేల్చడు. ట్రస్టు రాసిన పెద్దాయనే బతికుండి వచ్చి సంతకం పెట్టినా, ఆ హక్కును దస్తావేజులో అట్టేపెట్టుకుని ఉండకపోతే ఆ సంతకం ఒక్కటీ చాలదు. దానం ఇచ్చేసిన ఇంటికి మళ్ళీ తాళం వేయబోయినట్టు ఉంటుంది. కాబట్టి సవరణ క్లాజు ఉందా, ఉంటే ఎంతవరకు అని చదవండి. మీటింగులు, చెక్కు సంతకాల వంటివి మార్చుకోనిచ్చి, ట్రస్టు ఉద్దేశాలను ముట్టుకోనివ్వని క్లాజులూ ఉంటాయి.

లక్షణం: కుటుంబ ట్రస్టులో అందరూ సరేనన్నారు. ఒక్క మైనర్ దగ్గర ఆగింది.

ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. 1882 ట్రస్టుల చట్టం సెక్షన్ 11 ప్రకారం, లబ్ధిదారులంతా కాంట్రాక్టు చేయగల అర్హత ఉన్నవాళ్ళయి, అందరూ ఒప్పుకుంటే ట్రస్టు షరతు మార్చవచ్చు. కోర్టు గడప తొక్కనక్కర్లేదు. వాళ్ళలో ఒక్క మైనరో, మతిస్థిమితం లేనివారో ఉంటే, వాళ్ళ తరఫున సమ్మతి ఇవ్వాల్సింది జిల్లా కోర్టు, హైదరాబాద్‌లో అయితే సిటీ సివిల్ కోర్టు. తల్లి సంతకం చేసింది కదా అంటారు. తల్లి గార్డియనే, కానీ ఈ సెక్షన్ ఆ సమ్మతిని కోర్టు చేతిలో పెట్టింది.

పిటిషన్‌లో చాలామంది కుటుంబానికి ఎంత మేలో రాస్తారు. జడ్జిగారికి కావలసింది అది కాదు, ఆ పిల్లవాడికి ఏం మేలు అన్నది. ఇప్పుడున్న షరతుల్లో వాడికి ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది. మార్చాక ఎంత, ఎప్పుడు. ఈ లెక్క పక్కపక్కన పెట్టి, ఆస్తి విలువ నివేదిక జతచేయండి. మేజర్ల సమ్మతి అఫిడవిట్లు విడిగా ఉండాలి. మార్పు వల్ల తండ్రి వాటా పెరిగేట్టయితే, ఆ తండ్రే పిల్లవాడి తరఫున నిలబడడం బాగుండదు. ప్రయోజనం లేని వేరే బంధువును గార్డియన్‌గా పెట్టమని మీరే అడగండి, అవతలివాళ్ళు ఎత్తిచూపేదాకా ఆగకండి.

ఇంకా పుట్టని మనవలకు కూడా వాటా రాసి ఉంటే చిక్కు పెరుగుతుంది. ఇంగ్లండులో 1958 నాటి చట్టం పుట్టబోయేవాళ్ళ తరఫునా కోర్టు ఆమోదం ఇవ్వవచ్చని విడమరచి చెప్పింది. మన సెక్షన్ 11లో ఆ మాట లేదు. నన్నడిగితే, వాళ్ళ వాటా కదలకుండా మార్పును రాసుకోవడమే క్షేమం.

లక్షణం: అదే చట్టం సెక్షన్ 34 కింద పిటిషన్ వేస్తే కొట్టేశారు.

ఆ సెక్షన్ ట్రస్టీ సలహా అడగడానికి. ఆస్తి నిర్వహణలో ఇప్పుడు ఎదురైన చిన్న ప్రశ్నకు దావా లేకుండా జవాబు దొరుకుతుంది. చిక్కుముడులు, పెద్ద వివాదాలు దానిలో తేలవు, షరతుల్ని తిరగరాయడం అసలే కాదు. దావా వేయండి, లేదా సెక్షన్ 11కు వెళ్ళండి. 21 ఏళ్ళకు మించిన లీజుకు మాత్రం సెక్షన్ 36 కింద విడిగా అనుమతి కావాలి.

లక్షణం: సత్రానికి యాత్రికులు రావడం లేదు, డబ్బు మూలుగుతోంది, ఖర్చు పెడితే తప్పంటున్నారు.

ఇది పబ్లిక్ ట్రస్టు. దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92. ఆ దావా రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్ వేయాలి, లేదా ఆసక్తి ఉన్న ఇద్దరైనా ముందు కోర్టు అనుమతి తీసుకుని వేయాలి. ఆ అనుమతి మర్చిపోయి దావా వేసి, ఆ ఒక్క కారణంతో పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 1976 సవరణతో వచ్చిన ఉపసెక్షన్ 3 ప్రకారం, అసలు ఉద్దేశం నెరవేరిపోయినా, అమలు కాకుండా పోయినా, దానికి దగ్గరి ఉద్దేశానికి ఆదాయం మళ్ళించవచ్చు. దగ్గరిది అన్న మాట మీదే కేసు నిలుస్తుంది. బాటసారులకు బస కోసం కట్టిన సత్రాన్ని ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువులకు ఇస్తామంటే వాదన ఉంటుంది. కల్యాణమండపం కట్టి అద్దెకిస్తామంటే నవ్విపోతారు. ఆదాయం ఎలా తగ్గింది, ఎన్నాళ్ళుగా ఎవరూ దిగలేదు అన్నది రిజిస్టర్లతో చూపండి.

అయితే ఆ సత్రం 1987 దేవాదాయ చట్టం కిందికి వస్తుందేమో ముందే ఆరా తీయండి. వస్తే మొదట తట్టాల్సిన తలుపు దేవాదాయ శాఖది.

లక్షణం: ఉత్తర్వు చేతికొచ్చింది, పన్ను మినహాయింపు మాత్రం పోయింది.

ఉద్దేశాలు మారితే ఆదాయపు పన్ను మినహాయింపు తెచ్చే నమోదుకు (1961 చట్టంలో సెక్షన్ 12ఏ) 30 రోజుల్లో మళ్ళీ దరఖాస్తు చేయాలి. కోర్టు ఉత్తర్వు ఆ పని చేసిపెట్టదు. సర్టిఫైడ్ కాపీకి ఆలస్యమవుతుంది కాబట్టి తీర్పు చెప్పిన రోజే దానికి దరఖాస్తు పెట్టండి.