తొలకరికి ముందు జీపు ఎత్తించేవారు చూసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండల్లోనే విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ (వంపు తిరిగిన ఉక్కు పట్టీల స్ప్రింగు) పని చేసే షెడ్ల ముందు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు కనిపించడం మొదలవుతుంది. మృగశిరలో నాలుగు వానలు పడితే తాడికొండ, ప్రత్తిపాడు వైపు డొంకలు రేగడి బురదగా మారి, ట్రాక్టర్ల గాళ్ళు మోకాలి లోతున పడతాయి కనుక, ఆలోపే బండిని రెండు అంగుళాలు లేపించి కొత్త షాకబ్జర్లు వేయించాలని పొలం ఉన్నవారికీ, కొండవీడు లాంటి చోట్లకు సరదాగా వెళ్ళేవారికీ అనిపిస్తుంది. ఆ ఆలోచనలో తప్పు లేదు. అయితే ఎంత ఎత్తాలన్నది ముందు తేల్చుకుని, షాకబ్జర్ల సంగతి చివర్లో చూసుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ పొరపాటు నేనూ చేసి నష్టపోయాను కనుక, క్రమం తిరగేసి చెబుతున్నాను.

ముందుగా ఎత్తు వల్ల పైకి లేచేది ఏమిటో, లేవనిది ఏమిటో తెలుసుకోవాలి. స్ప్రింగు మార్చినా, స్ప్రింగు కింద స్పేసరు (ఎత్తు పెంచే దిమ్మ) పెట్టినా ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, దాని పైన ఉన్న బాడీ లేస్తాయి. జిమ్నీ, గూర్ఖా, పాత కమాన్ జీపుల్లో ముందూ వెనకా, థార్‌లో వెనక వైపు ఉండే అడ్డ హౌసింగ్ (రెండు చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టం) మాత్రం చక్రాలతో పాటే ఉంటుంది కనుక అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. చక్రాలకు శక్తిని పంచే గేర్లు, అంటే డిఫరెన్షియల్, ఉండే దాని గుండ్రటి భాగమే రేగడి గాళ్ళ మధ్య మిట్టను గీరుకుంటూ పోయి చివరికి బండిని ఆపేస్తుంది. దానిని లేపగలిగేది టైరు ఒక్కటే, అది కూడా సగానికి సగమే: టైరు మొత్తం ఎత్తు ఒక అంగుళం పెరిగితే హౌసింగ్ అర అంగుళం లేస్తుంది. మూడు అంగుళాలు లేపించిన జీపు కూడా పక్కింటి మామూలు జీపు ఇరుక్కున్న చోటే ఇరుక్కోవడం చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. స్ప్రింగు ఎత్తు పనికివచ్చేది గట్టు ఎక్కేటప్పుడు మధ్య భాగం తగలకుండా, వాగు ఒడ్డు దిగేటప్పుడు ముందు వెనకలు గీరుకోకుండా ఉండడానికి. మన బురదకు మంచి గాడి ఉన్న టైరు, సరైన గాలి, మంచి షాకబ్జరు ముందు వరుసలో నిలుస్తాయి. ఎత్తు వాటి తర్వాతే వస్తుంది.

షాకబ్జరు బండి బరువును మోయదు. బరువు మోసేది స్ప్రింగు లేదా కమాన్ కట్ట. గుంట దాటిన తర్వాత స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా, లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి ఆ ఊపును వేడిగా మార్చి వదిలేయడమే షాకబ్జరు పని. కాబట్టి వెనక భాగం కుంగిపోయిందని షాకబ్జర్లు మార్చినంత మాత్రాన అది లేవదు. పదేళ్ళు బస్తాలు మోసి వంపు పోయిన కమాన్ కట్టలైతే కంపెనీ కొలతతో కొత్తవి వేయిస్తే చాలు, పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. చాలా పాత బళ్ళకు కావలసింది ఇదే తప్ప లిఫ్ట్ (ఎత్తించడం) కాదు. పాత పట్టీలను మంట మీద ఎర్రగా కాల్చి వంచి ఇస్తామనేవారి మాట మాత్రం వినకూడదు, ఎందుకంటే అలా కాల్చిన ఉక్కు తన పదును పోగొట్టుకుని, నాలుగు నెలల్లో మళ్ళీ కుంగుతుంది లేదా బరువు మీద ఉండగా విరుగుతుంది.

నా విషయం ఇలా జరిగింది. నా పాత కమాన్ జీపును ఊరి శివారులోని ఒక షెడ్డులో మూడు అంగుళాలు లేపించాను. పాత షాకబ్జర్లు బాగానే ఉన్నాయని వాటినే తిరిగి బిగించారు. నేనూ ఖర్చు తగ్గిందని సంతోషించాను. మొదటి వానకు పొలం దారిలో వెనక చక్రం ఒక గుంటలోకి జారగానే తుపాకీ పేలినట్లు చప్పుడు అయింది. దిగి చూస్తే హౌసింగ్‌కు వెల్డింగ్ చేసి ఉండే కింది బ్రాకెట్టు ఊడి షాకబ్జరుతో పాటు వేలాడుతోంది, పక్కనే బ్రేకు గొట్టం తీగలా బిగుసుకుని ఉంది. మరో అంగుళం జారి ఉంటే బ్రేకు నూనె మొత్తం పోయేది. తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దానిని చూసి, "షాకబ్జరు పొట్టిదైపోయింది బాబూ, చక్రం బరువంతా దాని మీదే వేలాడింది" అన్నారు. ఆయన జేబులోంచి టేపు తీసి కొలిచిన పద్ధతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

బండిని చదునైన చోట నిలిపి, రోజూ ఉండే బరువు అందులో ఉంచాలి. మిరప కోతల్లో పది టిక్కీలు (మిరప బస్తాలు) వేసుకుని తిరిగే బండిని ఖాళీగా కొలిస్తే లెక్క తప్పుతుంది. షాకబ్జరు పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా ఎంత ఉందో ముందు రాసుకోవాలి, ఉదాహరణకు 420 మిల్లీమీటర్లు అనుకుందాం. హౌసింగ్ పైకి వచ్చి దానిని ఛాసిస్‌కు తగలకుండా ఆపే రబ్బరు దిమ్మను, అంటే బంప్ స్టాపరును, పూర్తిగా నొక్కేసరికి 80 మిల్లీమీటర్లు ప్రయాణిస్తే, ఆ రెండు బోల్టుల మధ్య 340 మాత్రమే మిగులుతుంది. షాకబ్జరు పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు అంతకన్నా కనీసం 15 తక్కువగా, అంటే 325 ఉండాలి. లేకపోతే స్టాపరుకన్నా ముందే షాకబ్జరు అడుగుకు కొట్టుకుని పగులుతుంది. తర్వాత ఛాసిస్‌ను జాకీ మీద లేపి చక్రాన్ని వేలాడదీసి చూస్తే దూరం 520 వచ్చిందనుకోండి, పూర్తిగా సాగినప్పటి పొడవు 530 ఉన్న షాకబ్జరు సరిపోతుంది.

ఇప్పుడు బండిని 40 మిల్లీమీటర్లు లేపితే వేలాడే దూరం 560 అవుతుంది కనుక 570 వరకు సాగేది కావాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రాడ్డు పొడవు పెరిగితే దానిని దాచుకునే గొట్టమూ పొడవు కావాలి కాబట్టి, 40 ఎక్కువ సాగే షాకబ్జరు ముడుచుకున్నప్పుడు 20 ఎక్కువ చోటు తీసుకుంటుంది, అంటే 325 కాస్తా 345 అవుతుంది. మనకు ఉన్న చోటు 340. ఈ తేడాను సరిచేయడానికే బంప్ స్టాపరును 20 మిల్లీమీటర్లు కిందికి దించే ప్యాడ్ వేయాలి. లిఫ్ట్ కిట్ అమ్మేవారిని స్టాపరు ప్యాడ్ గురించి అడిగినప్పుడు వారు తెల్లముఖం వేస్తే, ఆ కిట్ కొనకపోవడం మంచిదని నా అభిప్రాయం.

రకాల సంగతికి వస్తే, జంట గొట్టాల షాకబ్జరు చవక, బయటి గొట్టానికి రాయి తగిలి కాస్త సొట్ట పడినా లోపలి గొట్టం పని చేస్తూనే ఉంటుంది, మెత్తగా పోతుంది. అందులో గ్యాస్ లేని రకమైతే ఎగుడుదిగుడు దారిలో ఎక్కువసేపు పరిగెత్తినప్పుడు నూనె నురుగెత్తి పట్టు వదులుతుంది కాబట్టి, తక్కువ పీడనపు గ్యాస్ ఉన్నదే తీసుకోవాలి. ఒంటి గొట్టం రకంలో నైట్రోజన్ గ్యాస్‌ను ఎక్కువ పీడనంతో నింపి, నూనెకు దానికి మధ్య కదిలే పిస్టను పెడతారు. వేడి త్వరగా బయటికి పోతుంది, పట్టు నిలకడగా ఉంటుంది, కానీ ఆ ఒక్క గొట్టానికి సొట్ట పడితే పిస్టను అక్కడ పట్టేస్తుంది. కంకర, రాళ్ళు ఎగిరే దారిలో తిరిగే పొలం బండికి మొదటి రకమూ, దూర ప్రయాణాలూ కొండ దారులూ ఎక్కువగా ఉన్నవారికి రెండవదీ సరిపోతాయి. పాతది విప్పినప్పుడు దానిని కోయడం, వేడి చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు, లోపల గ్యాస్ పీడనంతో ఉంటుంది.

స్ప్రింగు గట్టిదైతే షాకబ్జరు కూడా దానికి తగ్గట్టు, ముఖ్యంగా సాగేటప్పుడు, గట్టిగా పట్టాలి, లేకపోతే బండి పడవలా ఊగుతుంది. అలాగని మరీ గట్టిది వేస్తే వరుస గతుకుల మీద చక్రం తిరిగి కిందికి దిగేలోపే తర్వాతి గతుకు వచ్చి, బండి క్రమంగా కుంగుతూ స్టాపర్ల మీద నడుస్తుంది. అందుకే స్ప్రింగు ఒక చోట, షాకబ్జరు మరో చోట కొనకుండా, మీ బండి బరువు చెప్పి రెండూ జతగా తీసుకోవాలి. ముందు ఇనుప గార్డు పెట్టించి దాని బరువుకు గట్టి స్ప్రింగు వేసేవారూ ఉన్నారు. అలాంటి గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వద్దన్నది, అది తీసేస్తే స్ప్రింగు ఖర్చే తప్పుతుంది.

ఎత్తు ఎంత అన్న ప్రశ్నకు నా సమాధానం 40 మిల్లీమీటర్లు, గట్టిగా అడిగితే 50. అది దాటితే ఒక్కొక్కటిగా మిగతా భాగాలన్నీ ఖర్చు అడుగుతాయి. జిమ్నీ లాంటి బండిలో ముందు హౌసింగ్ తిరిగి స్టీరింగు వంపు కోణం తగ్గుతుంది, దానివల్ల హైవే మీద బండి నిలకడగా పోక అటూ ఇటూ వెతుక్కుంటుంది. కోణం సరిచేసే బుష్‌లు వేయాలి. హౌసింగ్‌ను ఛాసిస్‌కు కట్టి ఉంచే, అడ్డంగా ఉండే పాన్‌హార్డ్ రాడ్డు హౌసింగ్‌ను ఒక పక్కకు లాగుతుంది. థార్ ముందు భాగంలో విడి సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) కనుక డ్రైవ్ షాఫ్టుల కోణం పెరిగి వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. ఇంజను శక్తిని హౌసింగ్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళు, అంటే క్రాసులు, అదురుతాయి. బరువును బట్టి వెనక బ్రేకుకు నూనె పంచే వాల్వు ఉన్న బళ్ళలో, ఎత్తు పెరగగానే బండి ఖాళీగా ఉందని ఆ వాల్వు పొరబడి వెనక బ్రేకు తగ్గిస్తుంది, తడి రోడ్డు మీద ఇది చాలా ప్రమాదం. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా వదులుగా ఉన్నాయో లేదో చేత్తో తాకి చూడాలి.

బోల్తా సంగతీ లెక్క వేసుకోవాలి. ఎడమ కుడి చక్రాల మధ్య 1500 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 700 ఎత్తున ఉన్న బండికి, సగం వెడల్పును ఆ ఎత్తుతో భాగిస్తే 1.07 వస్తుంది. ఈ అంకె ఎంత తగ్గితే బండి అంత తేలికగా బోల్తా పడుతుంది. లిఫ్ట్ వల్ల కేంద్రం 740కి చేరితే అది 1.01 అవుతుంది. కృష్ణా కరకట్ట మీద ఎదురు బండికి దారి ఇస్తూ అంచు మెత్తటి మట్టిలోకి ఒక చక్రం దించినప్పుడు ఆ చిన్న తేడా ఏమిటో తెలుస్తుంది.

నీటి విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పటి నుంచి, ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పటి నుంచి, వరద కోసమే బండి ఎత్తించుకుంటున్నామనే మాట వినిపిస్తోంది. థార్‌కు 650, గూర్ఖాకు 700 మిల్లీమీటర్ల నీటి లోతు వరకు వెళ్ళవచ్చని కంపెనీలు చెప్పేది గాలి పీల్చే మార్గం వగైరాలను చూసి, గట్టి నేల మీద. పారే నీటి లెక్క వేరు. మూడున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న బాడీ అడుగును నీరు తాకిన తర్వాత, ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 525 కిలోల మేర బండి తేలికవుతుంది. 1,750 కిలోల బండికి 20 సెంటీమీటర్లు ఎక్కితే నేల మీద మిగిలేది 700 కిలోలే, ఇక పెదమద్దూరు చప్టా లాంటి చోట వాగు పక్కనుంచి నెడితే టైర్లు ఆగవు. నీటి వేగం రెట్టింపైతే నెట్టే బలం నాలుగింతలవుతుంది. రెండు అంగుళాల లిఫ్ట్ వీటన్నిటికీ ఎదురుగా ఇచ్చేది 5 సెంటీమీటర్లు, అది ఇచ్చే ధైర్యం మాత్రం అర మీటరు. చప్టా మీద నీరు కదులుతుంటే ఎంత ఎత్తు బండి అయినా ఇవతలే ఆపాలి.

నిలిచిన నీటిలో దిగవలసి వస్తే హౌసింగ్‌కు గాలి ఆడే బ్రీదర్ గొట్టాలను ముందుగానే పైకి పొడిగించాలి, ఎందుకంటే వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ళ గుండా నీటిని పీల్చుకుంటుంది. మర్నాడు డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి చూసినప్పుడు నూనె మజ్జిగలా కనిపిస్తే వెంటనే మార్పించాలి.

చట్టం గురించి ఒక్క మాట. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకూ కంపెనీ కొలతలకూ తేడా వచ్చేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా సమర్థించింది. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉండవచ్చు. కంపెనీ కొలతతో షాకబ్జర్లు మార్చడానికి ఈ చిక్కు లేదు. అంతకు మించి ఏది చేయదలచినా ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపి ఉండాలి, ఎందుకంటే చెప్పని మార్పు ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర అడ్డం తిరుగుతుంది.

బిగించే రోజు షెడ్డులోనే నిలబడండి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి గాలిలో ఉండగా చివరి బిగువు బిగించకూడదు. చక్రాలు నేల మీద పెట్టి, బరువు పడిన తర్వాతే బిగించాలి, లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి వానాకాలం దాటకముందే చిరుగుతుంది. కమాన్ యూ బోల్టులు పాతవి తిరిగి వాడవద్దు. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దించుడు అదే రోజు చేయించి, 200 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగింపించాలి.

ఇంటికి తెచ్చాక ప్రతి షాకబ్జరు రాడ్డుకూ, రాడ్డు బయటికి కనిపించే రకమైతే, ఒక సన్నని నైలాన్ ట్యాగు కట్టి గొట్టం అంచుదాకా జరిపి ఉంచండి. గతుకుల దారిలో ఒకసారి తిరిగి వచ్చి చూస్తే రాడ్డు ఎంతవరకు లోపలికి వెళ్ళిందో అక్కడిదాకా ఆ ట్యాగు జరిగి నిలుస్తుంది. మరో 15 మిల్లీమీటర్ల రాడ్డు దానికి అవతల మిగిలి ఉంటే కొలత సరిపోయినట్లే. ట్యాగు చివరిదాకా పోయి నలిగి ఉంటే, స్టాపరు ప్యాడ్ వేయించేదాకా ఆ బండిని డొంకలోకి తీయవద్దు.