టీడీఎస్ 420 వచ్చింది, అయినా కడుపు నొప్పి తగ్గలేదు

వానలు మొదలయ్యాక ఇంట్లో అందరికీ విరేచనాలు. బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు పెడితే 420 చూపించింది. 500 లోపే కదా, మంచి నీళ్లేనన్నాడు ప్లంబర్. కానీ ఆ మీటరుకు తెలిసేది కరిగిన లవణాల సంగతే, బ్యాక్టీరియా ఉన్నా దానికి పట్టదు.

అందుకని కాచిన నీళ్లు తాగుతూ, హెచ్‌టూఎస్ సీసా తెచ్చాను, మురుగు బ్యాక్టీరియా ఉంటే అందులో పోసిన నీళ్లు నల్లబడతాయి. కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలేసి, సీసా లోపల వేలు తగలకుండా గీత దాకా పట్టాలి. వెచ్చని చోట పెడితే మర్నాటికే నల్లబడింది. అంటే మురుగు కలుస్తున్నట్టే అనుమానించాలి.

చూస్తే బోరులోకి దింపిన కేసింగ్ పైపు చుట్టూ సిమెంటు గట్టు పగిలి, వాన నీళ్లు లోపలికి దిగుతున్నాయి. గట్టు కట్టించి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు బోరులో పోసి రాత్రంతా ఉంచాం. పొద్దున వాసన పోయేదాకా మోటారు వేసి బయటికి తోడేశాం. ఇక్కడ తొందరపడకూడదు. బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ మిగిలుంటే సీసా ఎలాగూ నల్లబడదు, మనం నీళ్లు బాగుపడ్డాయనుకుంటాం. కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షిస్తే రంగు మారలేదు. ఫ్లోరైడ్ సంగతి మాత్రం ఈ సీసా చెప్పదు, దానికి వేరే కిట్ కావాలి.