అమెరికాలో ఇల్లు మారారా? 10 రోజుల్లో ఏఆర్-11 ఇలా ఇవ్వండి

ఇల్లు మారగానే కరెంటు, ఇంటర్నెట్, బ్యాంకు, కారు ఇన్సూరెన్స్ అన్నిటికీ కొత్త అడ్రస్ ఇస్తాం. ఇమిగ్రేషన్ వాళ్లకు ఇవ్వాలన్న సంగతి మాత్రం ఈఏడీ (పని అనుమతి) కార్డు పాత ఇంటికి వెళ్లి తిరిగిపోయాకే చాలామందికి గుర్తొస్తుంది. నిబంధన చిన్నదే. అమెరికాలో ఉంటున్న విదేశీయులు ఇల్లు మారిన 10 రోజుల్లోపు, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి. అందుకు వాడే అడ్రస్ మార్పు ఫారమే ఏఆర్-11. హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగ వీసాలు, కుటుంబసభ్యుల హెచ్-4 వీసా ఉన్నవాళ్లతో పాటు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ సిటిజన్ అయ్యేదాకా ఇది వర్తిస్తుంది. ఏ, జీ దౌత్య వీసాల వాళ్లకు, వీసా అక్కర్లేని వీసా వేవర్ పథకం మీద వచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది. చెప్పకపోతే జరిమానా, 30 రోజుల వరకు జైలు ఉండొచ్చు. కావాలని మానలేదనో, తగిన కారణం ఉందనో చూపించలేకపోతే దేశం నుంచి పంపించేయడానికీ అదే కారణం కావచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు), ఉంటే ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే ఫైలు నంబర్), పాత, కొత్త అడ్రస్‌లు, పెండింగ్‌లో ఉన్న ప్రతి కేసు రిసీట్ నోటీసు. ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే మీరు వేరే సైటులో ఉన్నారని అర్థం, వెంటనే బయటికి రండి.

యూఎస్‌సీఐఎస్ సైటులో అకౌంట్ తెరిచి, లాగిన్ అయి, అడ్రస్ మార్పు పేజీకి వెళ్లి, అడిగినవి నింపి సబ్మిట్ చేయండి. అంతే, పది నిమిషాల పని. కాగితం మీద ఏఆర్-11 నింపి పోస్టులో పంపే దారి కూడా ఉంది కానీ దాని జోలికి పోవద్దు. మామూలు పోస్టులో పోతే చేతిలో రుజువు ఉండదు. పైగా కాగితం ఫారం మీ పెండింగ్ కేసుల్లోని అడ్రస్‌ను మార్చదు. 2023లో వచ్చిన ఆన్‌లైన్ పద్ధతిలో రెండూ ఒకేచోట అవుతాయి. అయినా ఇప్పటికీ కొందరు ఫారం ప్రింట్ తీసి స్టాంపులు అంటిస్తూనే ఉన్నారు.

ప్రతి మనిషికీ విడిగా ఇవ్వాలి. భర్త ఇస్తే భార్యకు, తల్లి ఇస్తే పిల్లలకు ఇచ్చినట్టు కాదు. నలుగురున్న ఇంట్లో నాలుగుసార్లు చేయాల్సిందే, చంటిపిల్లకైనా సరే. 10 రోజుల లెక్క లీజు మీద సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, మీరు నిజంగా ఆ ఇంట్లోకి మారిన రోజు నుంచి. సామాను దిగిన మూడో రోజున చేసేయండి. ముందే చేస్తే మారే తేదీ అటూ ఇటూ అవుతుంది, వారం దాటనిస్తే మర్చిపోతారు.

అందరూ తప్పటడుగు వేసేది పెండింగ్ కేసుల దగ్గరే

మీరు ఎక్కడ ఉంటున్నారో ప్రభుత్వానికి చెప్పడం ఒక పని. మీ దరఖాస్తు ఫైలులో ఉన్న అడ్రస్ మార్చడం ఇంకో పని. "ఏఆర్-11 ఇచ్చేశాం కదా, కార్డు ఇంకెక్కడికి పోతుంది?" అనుకునేవాళ్ల కార్డులే పాత ఇంటికి పోతాయి. ఆన్‌లైన్ పేజీ రెండు పనులూ చేస్తుంది. అయితే అది రిసీట్ నంబర్ల ఆధారంగా నడుస్తుంది. మీరు ఏ నంబర్ ఇస్తే ఆ కేసులోనే అడ్రస్ మారుతుంది.

గ్రీన్‌కార్డు దరఖాస్తు తీసుకోండి. ఒకే కవరులో పంపినా అసలు దరఖాస్తు ఐ-485కు ఒక రిసీట్, ఈఏడీ కోసం వేసిన ఐ-765కు ఒకటి, అడ్వాన్స్ పెరోల్ (విదేశాలకు వెళ్లి తిరిగి వచ్చే అనుమతి) కోసం వేసిన ఐ-131కు ఇంకొకటి వస్తాయి. ఒక్క ఐ-485 నంబర్ ఇచ్చి ఊరుకుంటే ఈఏడీ పాత అపార్ట్‌మెంట్‌కే పోతుంది. భార్యాభర్తలిద్దరికీ కలిపితే ఆరు నంబర్లు. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఇచ్చిన నంబర్ పక్కన ఇచ్చినట్టు టిక్ పెట్టుకుంటూ పోండి.

రిసీట్ నంబర్‌లో మూడు అక్షరాలు, పది అంకెలు ఉంటాయి. ఇప్పుడు ఎక్కువ కేసులకు వచ్చేది ఐఓఈ (IOE)తో మొదలయ్యే నంబర్. అందులో మొదటిది ఒకటి అంకె కాదు, రెండోది సున్నా కాదు. మూడూ ఇంగ్లీషు అక్షరాలే. నంబర్ తీసుకోవడం లేదని గోల పెట్టేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే.

ఐ-129 (వర్క్ వీసా పిటిషన్), ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) మీ ఎంప్లాయర్ వేసినవి. వాటిలో ఉండే మీ ఇంటి అడ్రస్ గురించి మీరు కుస్తీ పట్టనక్కర్లేదు. హెచ్ఆర్‌కు, లాయర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి. అలాగని వాళ్లు మీ బదులు ఏఆర్-11 ఇస్తారని మాత్రం అనుకోవద్దు. లాయర్ ఉన్నా, కన్సల్టెన్సీ ఉన్నా ఆ బాధ్యత మీదే.

ఇక అపార్ట్‌మెంట్ నంబర్. దాన్ని వీధి పేరున్న గడిలో ఇరికించొద్దు, దానికి వేరే గడి ఉంటుంది. మీ జిప్ కోడ్‌ను, వీధి పేరును పోస్టాఫీసు సైటులో వెతికి, అక్కడ ఎలా కనిపిస్తే అలాగే రాయండి. రూమ్‌మేట్లతోనో బంధువుల ఇంట్లోనో ఉంటూ లీజులో మీ పేరు లేకపోతే, మెయిల్‌బాక్స్ లోపలివైపు మీ పేరు రాసిన చీటీ అంటించండి. బాక్సు మీద లేని పేరుకు వచ్చిన కవరును పోస్ట్‌మ్యాన్ వెనక్కి పంపేయొచ్చు.

పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండటం అన్నిటికన్నా పెద్ద తప్పు. పోస్టాఫీసులో అడ్రస్ మార్చుకుంటే యూఎస్‌సీఐఎస్‌లో మారదు. పైగా గ్రీన్‌కార్డు, ఈఏడీ లాంటివి కొత్త ఇంటికి ఫార్వర్డ్ కావు, పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. అలా తిరిగొచ్చిన కార్డు కోసం 60 పనిదినాల్లోపు మీరు సంప్రదించి సరైన అడ్రస్ ఇవ్వకపోతే దాన్ని నాశనం చేసేస్తారు. కేసు అప్రూవ్ అయిపోయి కార్డు ముద్రణలో ఉన్నప్పుడు ఇల్లు మారాల్సి వస్తే, కొత్త అడ్రస్ ఇచ్చాక కూడా పాత ఇంటి మెయిల్‌బాక్స్ తాళంచెవి ఇంకొన్నాళ్లు ఎవరో ఒకరి దగ్గర ఉండేట్టు చూసుకోండి. పోస్టాఫీసువాళ్ల ఇన్ఫార్మ్‌డ్ డెలివరీ ఉచితమే. రాబోయే కవర్ల ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్‌కు వస్తాయి.

సబ్మిట్ చేశాక వచ్చే కన్ఫర్మేషన్ పేజీని పీడీఎఫ్‌గా దాచండి. ఫైలు పేరులో తేదీ, మనిషి పేరు ఉండాలి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పడేస్తే దాచినట్టు కాదు. రెండు వారాలయ్యాక అకౌంట్‌లోకి వెళ్లి ఒక్కో కేసులో అడ్రస్ మారిందో లేదో చూడండి.

స్టూడెంట్లకు దారి వేరు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అదే 10 రోజుల్లో డీఎస్ఓకు (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) చెప్పాలి. కాలేజీ దాన్ని విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో ఎక్కిస్తే మీ బాధ్యత తీరినట్టే. చదువయ్యాక పనిచేసే ఓపీటీలో ఉంటే ఎస్‌ఈవీపీ పోర్టల్‌లో (స్టూడెంట్ వీసా వాళ్ల వెబ్‌సైటులో) మీరే మార్చుకోవచ్చు. కానీ ఐ-765 పెండింగ్‌లో ఉంటే సెవిస్ మార్పు ఆ దరఖాస్తుకు చేరదు. యూఎస్‌సీఐఎస్‌లో ఆ రిసీట్ నంబర్‌తో విడిగా మార్చాలి. ఓపీటీ కార్డు పోగొట్టుకునే స్టూడెంట్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు.

హెచ్-1బీ మీద ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇల్లే ఆఫీసు. కొత్త ఇల్లు అదే మెట్రో ప్రాంతంలో ఉంటే కొత్త పిటిషన్ అక్కర్లేదు, ఎంప్లాయర్ ఎల్‌సీఏ (కార్మిక శాఖకు ఇచ్చే జీతం, పనిచోటు వివరాలు) నోటీసు అక్కడ పెట్టిస్తే చాలు. డల్లాస్ నుంచి ఆస్టిన్‌కు మారితే మాత్రం అక్కడ పని మొదలుపెట్టకముందే ఎంప్లాయర్ అమెండ్‌మెంట్ (సవరించిన పిటిషన్) వేయాలి. పనిచోటు వేరే ప్రాంతానికి మారితే ఇది తప్పనిసరి అన్న 2015 నాటి సిమియో తీర్పు తర్వాత ఇందులో సందేహానికి తావు లేదు. ఏఆర్-11 ఇచ్చినంత మాత్రాన ఈ పని అయినట్టు కాదు. హెచ్ఆర్‌కు చెప్పకుండా లారీ మాట్లాడొద్దు.

ఇమిగ్రేషన్ కోర్టులో కేసు నడుస్తున్నవాళ్లు కోర్టుకు అడ్రస్ మార్పు ఫారం ఈఓఐఆర్-33 విడిగా, 5 పనిదినాల్లో ఇవ్వాలి. అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేసి ఐ-864 (పోషణ హామీ పత్రం) మీద సంతకం పెట్టినవాళ్లు తాము సిటిజన్లే అయినా, ఇల్లు మారిన 30 రోజుల్లో స్పాన్సర్ అడ్రస్ మార్పు ఫారం ఐ-865 పంపాలి. తాము సిటిజన్లం కాబట్టి ఈ నిబంధనలేవీ తమకు వర్తించవనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు.