అమెరికా పౌరసత్వం: ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు ఫారం) వేసే ముందు చూసుకోవాల్సిన లెక్కలు, ప్రమాణం తర్వాత తెమల్చాల్సిన పనులు

గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు కావస్తుందనగానే మనవాళ్ళలో చాలామంది ముందు సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నలు బట్టీ పట్టడం మొదలుపెడతారు. పరీక్ష నిజంగా కష్టమేమీ కాదు, ఒకసారి తప్పినా రెండో అవకాశం ఇస్తారు. ఎక్కువ ఇబ్బంది పెట్టేవి తేదీలు, ఇండియా ప్రయాణాలు, ఫారంలో పాత సంగతుల గురించి అడిగే ప్రశ్నలు. కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

ఎప్పుడు వేయాలి

లెక్క మొదలయ్యేది కార్డు పోస్టులో వచ్చిన రోజు నుంచి కాదు. కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఉన్న తేదీ నుంచి. ఆ తేదీకి ఐదేళ్ళు నిండడానికి 90 రోజుల ముందు నుంచి ఎన్-400 వేయవచ్చు. ఉదాహరణకి కార్డు మీద 2021 జులై 15 ఉంటే ఐదేళ్ళు నిండేది 2026 జులై 15న, దరఖాస్తుకు తొలి రోజు 2026 ఏప్రిల్ 16. ఒక్క రోజు ముందు పంపినా తిరస్కరణకు కారణం అవుతుంది, కట్టిన ఫీజు పోతుంది. ఈ దరఖాస్తులు చూసే ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో దీనికి క్యాలిక్యులేటర్ ఉంది. అందులో చూసుకున్నాక కూడా నాలుగైదు రోజులు ఆగి వేయడమే మేలు. తొందరపడి మిగుల్చుకునేది ఏమీ ఉండదు.

సిటిజన్‌ని పెళ్ళి చేసుకున్నవాళ్ళకి మూడేళ్ళు చాలు. అయితే ఆ మూడేళ్ళూ భార్యాభర్తలు కలిసి ఉండాలి, ఆ మూడేళ్ళూ అవతలి మనిషి సిటిజన్‌గానే ఉండాలి. హెచ్1బీ కుటుంబాల్లో ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఇద్దరికీ ఒకేసారి గ్రీన్‌కార్డు వచ్చి, భర్త ముందు సిటిజన్ అయితే, భార్యకు మూడేళ్ళ దారి తెరుచుకుందని అనుకుంటారు. ఆ మూడేళ్ళు లెక్కపెట్టాల్సింది భర్త ప్రమాణం చేసిన రోజు నుంచి. అప్పటికే ఆమెకు ఐదేళ్ళు నిండి ఉంటాయి గనక మామూలుగా ఐదేళ్ళ కింద వేసుకోవడమే సులువు.

వీటికి తోడు, దరఖాస్తు వేసే రాష్ట్రంలో కనీసం మూడు నెలలుగా నివాసం ఉండాలి. ఉద్యోగం మారి డాలస్ నుంచి న్యూజెర్సీ వెళ్ళిన వారమే వేస్తే కుదరదు.

ఇండియా ప్రయాణాల లెక్క

ఇందులో రెండు వేర్వేరు నిబంధనలు ఉన్నాయి, చాలామంది రెంటినీ కలిపేస్తారు.

మొదటిది, ఐదేళ్ళలో కనీసం 913 రోజులు అమెరికా గడ్డ మీద ఉండాలి. మూడేళ్ళ దారిలో అయితే 548 రోజులు. విమానం ఎక్కిన రోజు, దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క.

రెండోది నిరంతర నివాసం. ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందని ముందే అనుకుంటారు. తెగలేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీది. ఇక్కడి ఉద్యోగం వదల్లేదని, ఇల్లు లేదా అద్దె ఒప్పందం అలాగే ఉందని, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారని, టాక్స్ కట్టారని కాగితాలు చూపాలి. ఒకే విడతలో ఏడాది, అంతకు పైన ఉంటే నిరూపణతో పనిలేదు, నివాసం తెగిపోయినట్టే. తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ళ ఒక రోజుకి మళ్ళీ దరఖాస్తు వేయవచ్చు. కాకపోతే అప్పటికి వెనక్కి చూసే ఐదేళ్ళ లెక్కలో ఆ గైర్హాజరీలో ఆరు నెలలకు పైగా ఇంకా కనిపిస్తుంది కాబట్టి నిరూపణ తిప్పలు తప్పవు. నాలుగేళ్ళ ఆరు నెలలు దాటాక వేస్తే ఆ గొడవ ఉండదు.

ఎక్కువ కాలం బయట ఉండి తిరిగొచ్చేందుకు ఇచ్చే రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే ఏమీ కాదన్న మాట మన దగ్గర బాగా తిరుగుతుంది. ఆ పర్మిట్ కాపాడేది గ్రీన్‌కార్డుని. పౌరసత్వం లెక్కని అది కాపాడదు. పిల్లలు పిటిషన్ వేసి రప్పించిన అమ్మానాన్నలు చలికాలం విజయవాడలో, ఎండాకాలం ఇక్కడ గడుపుతుంటారు. నవంబర్ 10న వెళ్ళి జూన్ 2న వచ్చిన ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటేసింది. అదే ఏప్రిల్ చివరికల్లా వచ్చి ఉంటే ప్రశ్నే లేదు. ఆరు నెలలకు ఒక రోజు ముందు టికెట్ కొనడం కూడా మంచిది కాదు, ఫ్లైట్ రద్దయినా ఒంట్లో బాగోకపోయినా గీత దాటుతారు. ఐదున్నర నెలలకే తిరుగు టికెట్ పెట్టుకోండి.

ప్రయాణాల జాబితా రాయడానికి పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ ముందు పెట్టుకుని స్టాంపులు చూడండి. ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) వెబ్‌సైట్‌లో ట్రావెల్ హిస్టరీ దొరుకుతుంది, కానీ అందులో కొన్ని ఎంట్రీలు ఉండకపోవచ్చు, రోడ్డు మీద కెనడా వెళ్ళొచ్చినవైతే మరీను. ఈమెయిల్లో టికెట్లు వెతికి సరిచూసుకోండి. ఒక తేదీ ఒకటి రెండు రోజులు తేడా వస్తే ఇంటర్వ్యూలో దిద్దించుకోవచ్చు. ఒక ప్రయాణమే రాయకపోతే మాత్రం దాచారన్న అనుమానం వస్తుంది.

ఫారంలో జాగ్రత్త పడాల్సిన చోట్లు

2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి 380 డాలర్ల తగ్గింపు ఫీజు ఉంది, దానికి కాగితం మీదే వేయాలి. వేలిముద్రలకి విడిగా ఫీజు లేదు.

ట్రాఫిక్ టికెట్లు చిన్నవే కదా అని వదిలేయకండి. అడిగిన చోట రాసేయడమే క్షేమం. మద్యం, డ్రగ్స్‌తో సంబంధం లేకుండా జరిమానా 500 డాలర్ల లోపుంటే సాధారణంగా కోర్టు కాగితాలు అక్కర్లేదు. అరెస్టు సంగతి వేరు. కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా చెప్పాల్సిందే, కోర్టు ముద్ర ఉన్న తీర్పు ప్రతి తీసుకెళ్ళాల్సిందే. తాగి నడిపి దోషిగా తేలిన కేసులు ఆ ఐదేళ్ళలో రెండుంటే సత్ప్రవర్తన లేదనే ముందుగా అనుకుంటారు. అలాంటివాళ్ళు దరఖాస్తు కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి.

ఓటు ప్రశ్న ఇంకా ప్రమాదకరమైనది. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో 'ఓటరుగా నమోదు చేయమంటారా' అని అడిగినప్పుడు అర్థంకాక అవునని టిక్కు పెట్టినవాళ్ళు ఉంటారు. సిటిజన్ కాకముందు ఓటరుగా నమోదైతే, మరీ ముఖ్యంగా ఓటు వేసి ఉంటే, పౌరసత్వం మాట అటుంచి గ్రీన్‌కార్డుకే ముప్పు. అనుమానం ఉంటే కౌంటీ ఎన్నికల ఆఫీసులో మీ పేరు ఉందో లేదో ముందే తెలుసుకోండి.

టాక్స్ విషయంలో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి ఐదేళ్ళ ట్రాన్‌స్క్రిప్టులు (రిటర్న్‌ల నకళ్ళు) దించుకోండి, అవి ఉచితం. గ్రీన్‌కార్డు వచ్చాక ఏ ఏడాదైనా నాన్‌రెసిడెంట్‌గా రిటర్న్ వేసి ఉంటే ఇక్కడి నివాసాన్ని వదులుకున్నారని వాదన వస్తుంది. బాకీ ఉంటే వాయిదాల ఒప్పందం, కడుతున్న రసీదులు చూపాలి. హైదరాబాద్ ఫ్లాటు అద్దె, బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపాల్సినవే. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ (విదేశీ ఖాతాల నివేదిక) కూడా వేసి ఉండాలి.

కమ్యూనిస్టు పార్టీతో సంబంధం ఎప్పుడైనా ఉందా అన్న ప్రశ్న మనవైపు వాళ్ళకి ఊరికే పెట్టింది కాదు. కాలేజీ రోజుల్లో సభ్యత్వం తీసుకున్నవాళ్ళు దాచకూడదు. చట్టంలో ప్రధానంగా చూసేది దరఖాస్తుకు ముందు పదేళ్ళు. పాత సభ్యత్వం చెప్పి వివరించవచ్చు, అబద్ధం చెబితే దానికి వివరణ ఉండదు.

18 నుంచి 26 ఏళ్ళ మధ్య గ్రీన్‌కార్డుతో ఇక్కడున్న మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు పెట్టే జాబితా) నమోదై ఉండాలి. హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నంతకాలం అక్కర్లేదు. కార్డు వచ్చిన వెంటనే నమోదు చేయించి ఆ ఉత్తరం దాచిపెట్టండి.

ఉద్యోగం ద్వారా కార్డు వచ్చినవాళ్ళ పాత ఫైలుని ఈ దశలో మళ్ళీ తిరగేస్తారు. కార్డు రాగానే స్పాన్సర్ చేసిన కంపెనీ వదిలేస్తే ఎందుకు వదిలారని అడగవచ్చు. అక్కడి పే స్టబ్‌లు (జీతం చీటీలు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను పత్రాలు) పారేయకండి.

పేరు మార్చుకోవడానికి ఇదే సులువైన సందర్భం. ఇంటిపేరు సరిగా పడక మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని మిగిలిపోయినవాళ్ళు ఫారంలోనే కొత్త పేరు కోరవచ్చు. కాకపోతే అప్పుడు ప్రమాణం జడ్జి ముందే చేయాలి, కొన్ని ఊళ్ళలో అందుకు ఎక్కువ రోజులు ఆగాల్సి వస్తుంది.

పరీక్ష, ఇంటర్వ్యూ

2025 అక్టోబర్ 20, ఆ తర్వాత దరఖాస్తు వేసినవాళ్ళకి కొత్త పరీక్ష: 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 రాగానే ఆపేస్తారు, 9 తప్పితే అక్కడితో ఫెయిల్. గవర్నరు, సెనేటర్లలాంటి పేర్లు ఎన్నికల తర్వాత మారతాయి కాబట్టి ఇంటర్వ్యూ ముందు వారం మళ్ళీ చూసుకోండి. ఇంగ్లీషులో మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, మూడింట్లో ఒకటి రాయాలి. తప్పితే 60 నుంచి 90 రోజుల మధ్య తప్పిన భాగం వరకే మళ్ళీ పెడతారు.

మాట్లాడే ఇంగ్లీషుని ఫారం మీద అడిగే ప్రశ్నల్లోనే అంచనా వేస్తారు. జెనోసైడ్, టోటలిటేరియన్, బేర్ ఆర్మ్స్. ఇలాంటి మాటలకి అర్థమేంటో చిన్న ఇంగ్లీషులో చెప్పడం ప్రాక్టీస్ చేయాలి. అన్నింటికీ 'నో' అంటూ పోయే పెద్దవాళ్ళు, దేశం కోసం చట్టం కోరితే ఆయుధం పడతారా అన్న ప్రశ్నకీ 'నో' అనేస్తారు. అక్కడ ఆఫీసర్ ఆగిపోతారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగడం తప్పు కాదు.

'అమ్మకి 68 ఏళ్ళు, ఇంగ్లీషు అక్కర్లేదు' అన్నది సగం నిజం. వయసొక్కటే చాలదు. 50 ఏళ్ళు దాటి 20 ఏళ్ళుగా, లేదా 55 దాటి 15 ఏళ్ళుగా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే ఇంగ్లీషు మినహాయింపు. వాళ్ళు సివిక్స్ తెలుగులో, దుబాసీని వెంట తీసుకెళ్ళి చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్ళ కార్డు ఉంటే 20 ప్రశ్నలు చదువుకుంటే చాలు, అందులో 10 అడిగితే 6 చెప్పాలి. ఈ లెక్కలన్నీ దరఖాస్తు వేసిన రోజుకి చూస్తారు. ఐదేళ్ళ క్రితం వచ్చిన 68 ఏళ్ళ అమ్మ ఇంగ్లీషు పరీక్ష రాయాల్సిందే. మతిమరుపు జబ్బు, పక్షవాతం లాంటివాటి వల్ల నేర్చుకోలేని పరిస్థితైతే డాక్టరు ఎన్-648 అనే మినహాయింపు ఫారం నింపి ఇవ్వాలి. వయసు మీద పడిందనో చదువు రాదనో రాస్తే అది చెల్లదు.

ఇంటర్వ్యూకి గ్రీన్‌కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టులన్నీ, టాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు, పెళ్ళి సర్టిఫికెట్, ఇంతకుముందు విడాకులైతే ఆ తీర్పు తీసుకెళ్ళండి.

పిల్లల సంగతి

తల్లిదండ్రుల్లో ఒకరు ప్రమాణం చేసేనాటికి బిడ్డకు 18 నిండకుండా, గ్రీన్‌కార్డు ఉండి, ఆ సిటిజన్ తల్లి లేదా తండ్రి సంరక్షణలో వాళ్ళతోనే ఇక్కడ ఉంటే ఆ క్షణమే సిటిజన్ అయిపోతారు, ఎన్-400 అక్కర్లేదు. చూసేది ప్రమాణం తేదీ, దరఖాస్తు తేదీ కాదు. పిల్లవాడికి పదిహేడున్నర ఏళ్ళుంటే తల్లిదండ్రులు అర్హత వచ్చిన మొదటి వారంలోనే వేయాలి. 18 దాటితే వాడి దరఖాస్తు వాడిదే.

ప్రమాణం రోజు, ఆ తర్వాత

ప్రమాణానికి రమ్మని పంపే ఎన్-445 నోటీసు మీద ఇంటర్వ్యూ తర్వాత ట్రాఫిక్ టికెట్ పడిందా, దేశం దాటారా అన్న ప్రశ్నలుంటాయి, ప్రమాణం రోజునే నింపండి. గ్రీన్‌కార్డు అక్కడే ఇచ్చేయాలి. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసి, తప్పుంటే హాలు దాటకముందే చెప్పండి.

భారత పౌరసత్వ చట్టం, 1955 సెక్షన్ 9 ప్రకారం ఇంకో దేశ పౌరసత్వం ఇష్టంగా తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది. ఇక భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, చేస్తే జరిమానా. గ్రీన్‌కార్డూ లేదు, అమెరికా పాస్‌పోర్టూ ఇంకా రాలేదు కాబట్టి ప్రమాణం తర్వాత కొన్ని వారాలు విదేశీ ప్రయాణం పెట్టుకోవద్దు. పాస్‌పోర్టుకి డీఎస్-11 ఫారం, 130 డాలర్ల ఫీజు, 35 డాలర్ల స్వీకరణ ఫీజు, తొందరగా కావాలంటే ఇంకో 60. అసలు సర్టిఫికెట్ దాంతో పంపాలి గనక ముందే స్కాన్, రంగు జిరాక్సు తీసి పెట్టుకోండి, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) దరఖాస్తుకి అవి కావాలి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో కూడా స్టేటస్ మార్పించుకోండి.

తర్వాత భారత కాన్సులేట్ల తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ ద్వారా భారత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. రద్దు ముద్ర వేసిన పాస్‌పోర్టు, సరెండర్ సర్టిఫికెట్ వెనక్కి వస్తాయి. ఓసీఐకి అదే ఆధారం. తల్లిదండ్రుల ద్వారా సిటిజన్ అయిన పిల్లల భారత పాస్‌పోర్టులూ సరెండర్ చేయాల్సిందే, ఇది చాలామంది మరచిపోతారు. సర్టిఫికెట్‌లో పేరు భారత పాస్‌పోర్టులో పేరుతో కలవకపోతే ఓసీఐ ఫైలు ఆగుతుంది, పేరు మార్పు కాగితం జతచేయండి.

పొలం గురించి అనవసర భయాలున్నాయి. సాగు భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదన్న నిబంధన ఓసీఐలకే కాదు, భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకీ ముందు నుంచీ ఉంది. వారసత్వంగా వచ్చే పొలం తీసుకోవచ్చు, అక్కడ నివసించినప్పుడు కొన్నది ఉంచుకోవచ్చు. గిఫ్టు డీడు కింద మాత్రం సాగు భూమి రాయించుకోలేరు. నాన్నగారు పొలం పిల్లలకి ఇవ్వాలనుకుంటే గిఫ్టు బదులు వీలునామా రాయించడం మంచిది. ఫ్లాటు, ఇంటి స్థలం కొనడానికి అడ్డంకి లేదు.

పిల్లల్ని మెడిసిన్‌కి ఇండియా పంపాలనుకునేవాళ్ళు ప్రమాణం కంటే ముందే ఒకటి తెలుసుకోవాలి: 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలు ఎన్నారై కోటా సీట్లకి, సూపర్‌న్యూమరరీ (అదనంగా పెట్టే) సీట్లకి మాత్రమే అర్హులు. బ్యాంకుల్లో కేవైసీ కొత్త పాస్‌పోర్టుతో మార్పించండి, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు కొనసాగుతాయి. ఊళ్ళో ఓటరు జాబితాలో పేరు ఇంకా ఉంటే ఫారం 7తో తీయించేయండి.